ఆ 19 గంటలు

అమెరికాలో నేను ఆపరేషన్ థియేటర్ నర్సుగా ఉన్న రోజుల్లో, చనిపోయిన దాత నుంచి తీసిన టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు) రాయిలా గడ్డకట్టి వచ్చేది. గోరువెచ్చని సెలైన్ గిన్నెలో వేసి, అది మెత్తబడేదాకా పక్కనే నిలబడేదాన్ని. ప్యాకెట్ మీది నంబరు స్టిక్కర్‌ను కేసు షీటుకి అంటించడం కూడా నా పనే. దాత పోయాక ఎంతసేపటికి దేహాన్ని చల్లని చోట పెట్టారో స్టిక్కర్ చెప్పదు. అడగాలని నాకూ తోచలేదు.

2001 నవంబరులో మిన్నెసోటాలో 23 ఏళ్ల కుర్రాడు మోకాలి ఆపరేషన్ చేయించుకుని నాలుగు రోజులకే చనిపోయాడు. అతనికి అమర్చింది దాత తొడ ఎముక కొస, పైనున్న మృదులాస్థితో సహా. క్లాస్ట్రిడియం సోర్డెల్లి అనే బ్యాక్టీరియా అందులోనే వచ్చింది. దాత దేహం 19 గంటలు చల్లబరచకుండా ఉండిపోయిందని తేలింది. ప్రాణం పోయాక పేగుల్లోని సూక్ష్మజీవులు గోడలు దాటి ఒళ్లంతా పాకుతాయి. చల్లదనమే వాటికి అడ్డు.

దాతల కణజాలాన్ని భద్రపరిచే టిష్యూ బ్యాంకును అమెరికా నేవీ 1949లోనే బెథెస్డాలో పెట్టింది. అప్పటికీ ఇప్పటికీ చిక్కు ఒకటే: క్రిమి చావాలి, టెండన్ బలం చావకూడదు. ఇథిలీన్ ఆక్సైడ్ వాయువు పట్టిస్తే దాని అవశేషాలకు కొందరి మోకాళ్లు వాచాయి. కోబాల్ట్ 60 నుంచి వచ్చే గామా కిరణాలను 25 కిలోగ్రేలు ఇస్తే ఎముక చాలావరకు ఓర్చుకుంటుంది. టెండన్‌లో మాత్రం కొలాజెన్ పోగులు తెగుతాయి. లిగమెంటు స్థానంలో లాగుడు భరించాల్సింది ఆ పోగులే. అందుకే చాలా బ్యాంకులు శుభ్రంగా కోసి, యాంటీబయాటిక్ నీళ్లలో నానబెట్టి సరిపెట్టుకున్నాయి. క్లాస్ట్రిడియం బీజాలు ఆ నీళ్లకు చావవు. పైగా మిగిలిన మందు కల్చర్‌లో క్రిమిని పెరగనివ్వక, పరీక్షలో ఏమీ లేదనిపిస్తుంది. ఇది చదివిన రోజు నా చేతులు చల్లబడ్డాయి. ఆ పరీక్షల రిపోర్టులను నమ్మే కదా గిన్నె నింపాను.

2002 మార్చిలో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ, దాత కణజాలంతో ఇన్ఫెక్షన్ సోకిన 26 కేసులు ప్రకటించింది. సగం క్లాస్ట్రిడియంవే. 2005లో అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కణజాల నియమాలు అమల్లోకి వచ్చాయి. గడ్డకట్టిన స్థితిలోనే, తక్కువ మోతాదులో గామా ఇచ్చే పద్ధతీ వాడుకలోకి వచ్చింది. మంచులో ఉన్నప్పుడు కిరణాలకు పుట్టే ఫ్రీ రాడికల్స్ అంతగా కదలలేవు, పోగులకు చేటు తగ్గుతుంది.

ఆ తరవాత నేను పనిచేసినన్నాళ్లూ, ప్యాకెట్‌లోని కాగితం మడత విప్పి, దేనితో శుద్ధి చేశారో రాసిన లైను సర్జన్‌కి పైకి చదివి వినిపించాకే గిన్నెలో సెలైన్ పోసేదాన్ని.