బల్లరంపము పుట్టుక

నూజివీడు అనగానే చిన్నరసాలు జ్ఞప్తికి వచ్చును. ఆ ఊరికి మరొక కీర్తి కూడ కలదు. అది పనసకర్రతో చేయు వీణలది. ముదిసిన మామిడితోటను కొట్టివేసినపుడు ఆ కర్ర అడితీకి చేరును. అచట రెండు పలకలు కొని, సెలవు దినములలో పీటయో అలమారయో చేసికొనవలెనని ఉబలాటపడువారికి ముందుగా తోచునది బల్లరంపము. అశ్వశక్తి ఎంత, వెల ఎంత అని అడుగుటకు ముందు దాని పుట్టుక తెలిసికొనుట మేలు. దాని గుణమును, దాని ప్రమాదమును పుట్టుకతో వచ్చినవే.

పూర్వము దుంగను గోతిపై పరచి, ఒకడు పైన, ఒకడు క్రింద నిలిచి పెద్దరంపమును లాగెడివారు. అది క్రిందికి దిగునపుడే కోయును; పైకి లేచునపుడు కోయదు. పళ్లను గుండ్రని బిళ్ల అంచున అమర్చి త్రిప్పినచో కోత ఎడతెగక సాగును. 1777లో ఇంగ్లండునందలి సౌతాంప్టన్ వాసి శామ్యూల్ మిల్లర్ పొందిన పేటెంటులో ఇట్టి రంపము కనబడుచున్నది. అయితే అతడు దానిని మాటవరుసగా మాత్రమే పేర్కొన్నాడు. కనుక అప్పటికే అది వాడుకలో ఉండెనని ఊహింపవచ్చును. 1813లో అమెరికాలో టబితా బాబిట్ అను స్త్రీ దీనిని మొదట కనిపెట్టెనను కథ అందమైనదే గాని, తేదీలు ఒప్పుకొనవు. 19వ శతాబ్ది ఆరంభమున పోర్ట్స్‌మత్ నౌకాకేంద్రములో ఓడల కప్పీల తయారీకి ఈ రంపములు ఆవిరిశక్తితో తిరిగినవి. 1906లో జర్మనీలో విల్హెల్మ్ ఆల్టెండార్ఫ్ పలకను మోసికొని జరుగు బల్లను దీనికి జతచేసెను.

ఇక ప్రమాదము సంగతి. 10 అంగుళముల బిళ్ల నిమిషమునకు 4,000 చుట్లు తిరిగినచో దాని అంచు వేగము గంటకు సుమారు 190 కిలోమీటర్లు! ముందరి పళ్లు పలకను బల్లకేసి అదుముచుండగా, వెనుకటి పళ్లు పైకి లేచుచుండును. సరిగా ఆరని మామిడిలోగాని, పనసలోగాని బిగువు దాగియుండును. కోత పడగానే ఆ బిగువు సడలి, ఒక్కొక్కసారి చీలిన రెండు చెక్కలును దగ్గరకు వచ్చి బిళ్లను కరచుకొనును. అంతట వెనుకటి పళ్లు పలకను ఎత్తి పనివాని కడుపు మీదికి విసరును; పలకతోపాటు చేయి బిళ్లవైపు లాగబడవచ్చును.

దీనికి విరుగుడు చాల చిన్నది. బిళ్ల వెనుకనే నిలిచి, బిళ్లతోపాటు లేచుచు దిగుచు ఉండు ఒక ఉక్కురేకు. రివింగ్ నైఫ్ అందురు. అది బిళ్ల రేకు కంటె మందముగాను, పళ్లు తీసిన చాలు కంటె పలుచగాను ఉండవలెను. అప్పుడు చెక్కలు దగ్గరకు రాలేవు. ఇది లేని యంత్రమును, ఎంత చౌకయైనను, కొనరాదని నా అభిప్రాయము. తరువాత చూడవలసినది పలక ఆనుకొని సాగు పట్టీ, అనగా ఫెన్సు. అది బిళ్లకు సమాంతరముగా బిగియనిచో పలక బిళ్లను ఒరసికొనును; మరల అదే ముప్పు. మోటారు మాట ఆ పిమ్మటనే. బ్రష్షుల మోటారు తేలిక, కాని రొద హెచ్చు; ఇండక్షన్ మోటారు బరువు, కాని నెమ్మదిగా పని చేయును.

1999లో అమెరికాలో స్టీఫెన్ గాస్ మరొక ఉపాయము పన్నెను. వ్రేలు తగిలినపుడు బిళ్లలోని విద్యుత్సంకేతము మారును. వెంటనే ఒక అల్యూమినియం దిమ్మ పళ్లలో గ్రుచ్చుకొని సెకనులో సుమారు 200వ వంతు కాలమున బిళ్లను ఆపును. వెల మాత్రము ఎక్కువ.

వీణకుండను తొలుచుటకు ఏ బల్లరంపమును అక్కరకు రాదు. అది తిన్నని కోతనే ఎరుగును. అట్టి పనిని కోరువారు ఆ సొమ్ముతో మంచి ఉలులు కొనవచ్చును.