పొద్దుగూకాక జీపీఎస్ తడబడేది ఇందుకే.. నంద్యాల ఆకాశంలో ప్లాస్మా బుడగలు!

నంద్యాల, ఆళ్లగడ్డ వైపు చీకటి పడ్డాక జీపీఎస్ తడబడితే తప్పు ఫోన్‌దే కాకపోవచ్చు. సూర్యాస్తమయం తర్వాత భూమధ్యరేఖ ప్రాంతపు అయనోస్ఫియర్‌లో ప్లాస్మా బుడగలు పైకి లేస్తాయి. వాటిలో ఎలక్ట్రాన్లు చాలా తక్కువ. వాటి గుండా వచ్చే శాటిలైట్ సిగ్నల్ వణుకుతుంది, ఒక్కోసారి తెగిపోతుంది. మార్చి-ఏప్రిల్, సెప్టెంబర్-అక్టోబర్‌లలో ఈ బెడద ఎక్కువ.

దారి వెతుక్కునేవాళ్లకు పెద్దగా తేడా తెలియదు. పొలం హద్దును సెంటీమీటర్లలో కొలిచే సర్వే రోవర్‌కైతే ఇబ్బందే. గట్టు తగాదాలున్న ఊళ్లో అది చిన్న విషయమా?

1994 మే 4న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇస్రో శాటిలైట్ స్రాస్-సీ2 ఈ పొరలోని ఎలక్ట్రాన్లు, అయాన్లను కొలిచింది. 2019లో వెళ్లిన ఆరు కాస్మిక్-2 శాటిలైట్ల కక్ష్య వాలు 24 డిగ్రీలు. నంద్యాల సుమారు 15.5 డిగ్రీల ఉత్తరాన ఉంది, అంటే మన నెత్తి మీదుగానూ వెళ్తాయన్నమాట. తిరుపతి దగ్గరి గాదంకి రాడార్ ఇవే బుడగలను నేల మీద నుంచి చూస్తుంది.