మార్లవాయి బడి, ఓజల కొలిమి

1940లో జోడేఘాట్‌లో కుమురం భీం అమరుడయ్యాక, గోండుల కష్టాలేమిటో తెలుసుకునే పనిని నిజాం ప్రభుత్వం మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ జైనూరు దగ్గరి మార్లవాయిలో ఉండి పనిచేశారు. 1943లో అక్కడ ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. బయటి నుంచి పంతుళ్లను తెచ్చి సరిపెట్టలేదు. గోండు యువకులకే చదువు నేర్పి పంతుళ్లను చేశారు. వాచకాలు గోండీ భాషలో, దేవనాగరి లిపిలో అచ్చయ్యాయి.

అదే జైనూరు మండలంలో ఉషేగాం ఉంది. అక్కడి ఓజలు తరతరాలుగా మన దేవతల ప్రతిమలు, గంటలు ఇత్తడితో పోతపోస్తున్నారు. మట్టి ముద్ద మీద మైనం తీగలు చుట్టి బొమ్మను తీరుస్తారు. పైన మళ్లీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలో కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక మట్టిని పగలగొడతారు కాబట్టి ఒక అచ్చుకు ఒకే బొమ్మ. ఇదే డోక్రా. 2018లో ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

కళకు గుర్తింపు వచ్చింది. మరి వారసులు? హాస్టల్ పిల్లలు సెలవులకే ఇంటికి వెళతారు. కొలిమి పని పెద్దల పక్కన కూర్చుంటే తప్ప చేతికి రాదు. పది పాసయ్యేసరికి అక్షరం వస్తుంది, మైనం తీగ తీయడం రాదు.

అలాగని బడి మానమని నేననను. భౌగోళిక గుర్తింపు పేరుతో అమ్మాలంటే కళాకారుడు చట్ట ప్రకారం అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. దానికి దరఖాస్తు పెట్టాలి. ఇత్తడి, మైనం, బొగ్గు, రోజుల కూలి లెక్కగట్టడం రాకపోతే కొనేవాడు చెప్పిందే ధర.

అందుకే మార్లవాయి దారి మళ్లీ కావాలి. ఓజ పెద్దలనే శిక్షకులుగా బడికి పిలవాలి, వారికి వేతనం ఇవ్వాలి. ఒకే పరిమాణంలో ఇత్తడి మైనం కంటే సుమారు 9 రెట్లు బరువు. వాడిన మైనాన్ని తూస్తే ఎంత ఇత్తడి కావాలో తెలుస్తుంది. సాంద్రత పాఠానికి ఇంతకంటే మంచి ప్రయోగం ఏముంది?

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఈ సెలవుల్లో కొలిమి దగ్గర కూర్చోండి. ఒక్క బొమ్మకు ఎంత ఖర్చయిందో, ఎన్ని రోజులు పట్టిందో నోటుబుక్కులో రాసి ఇంట్లో చదివి వినిపించండి. ఆనాడు మార్లవాయిలో మనవాళ్లు చదువుకున్నది తమ గూడేల పిల్లలకు చెప్పడానికే. మీ చదువు కూడా ముందు మీ ఇంటి కొలిమికి అక్కరకు రావాలి.