జీవకారుణ్య ఉద్యమం – వైద్య పరిశోధనలో జంతువులు: ఉత్తరాంధ్ర నేపథ్యంలో చారిత్రక పరిశీలన

కీలక పదాలు: జీవకారుణ్యం, ప్రయోగ జంతువులు, బోదకాలు, వైద్యవిద్య, ప్రత్యామ్నాయాలు

1. ఉపోద్ఘాతం

విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలోని రామతీర్థం కొండలపై బౌద్ధ విహార శిథిలాలు, జైన శిల్పాలు నేటికీ కనిపిస్తాయి. అక్కడి దుర్గకొండపై వేంగీ చాళుక్య రాజు విమలాదిత్యుని కాలపు జైన శాసనం ఉంది. అహింసను ప్రధాన ధర్మంగా బోధించిన రెండు మతాలు ఈ ప్రాంతంలో శతాబ్దాల పాటు నిలిచాయనడానికి ఇవి ఆధారాలు. అదే మండలంలో, నెల్లిమర్లలో, 2002లో మహారాజా వైద్య విజ్ఞాన సంస్థ ఏర్పడింది. ఆధునిక వైద్యశాస్త్రం చాలావరకు జంతువులపై జరిపిన ప్రయోగాల ఆధారంగా ఎదిగింది. రోగి మేలు కోసం మూగజీవిని బాధించవచ్చునా అన్న ప్రశ్న అందుచేత ఈ నేలకు పరాయిది కాదు.

ఈ వివాదాన్ని కరుణకూ విజ్ఞానానికీ నడుమ పోరుగా చిత్రించడం పరిపాటి. తెలుగు ప్రాంతపు అనుభవాన్ని పరిశీలిస్తే ఈ విభజన నిలవదు. ప్రయోగ ప్రయోజనాలను బోధన, ఉత్పత్తి, అన్వేషణ అని వేరుచేసి చూసినప్పుడే వివాద చరిత్ర స్పష్టమవుతుంది.

2. బోదకాలు మందు: అన్వేషణ పక్షం

బోదకాలు ఉత్తరాంధ్రను తరతరాలుగా పీడించిన వ్యాధి. దీని నివారణకు నేటికీ వాడుతున్న డైఇథైల్ కార్బమజైన్ వెనుక ఒక తెలుగువాని కృషి ఉంది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల పరిశోధన విభాగానికి నాయకత్వం వహించాడు. ఆయన బృందం ఈ ఔషధ ఫలితాలను 1947లో ప్రకటించింది. ఫైలేరియా క్రిములు సోకిన పత్తి ఎలుకలపైనా, కుక్కలపైనా పరీక్షించిన తరువాతనే ఆ మందు మనుషులకు చేరింది.

భారత ప్రభుత్వం 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. 2004 నుండి వ్యాధి పీడిత జిల్లాలలో ఏటా సామూహికంగా మాత్రలు పంచే విధానం మొదలైంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో ఇంటింటా మింగిన ఆ మాత్ర వెనుక ఎలుకల, కుక్కల ప్రాణాలు ఉన్నాయి. జంతు ప్రయోగాలను పూర్తిగా నిరాకరించే వాదం ఈ వాస్తవానికి సమాధానం చెప్పవలసి ఉంటుంది.

3. చట్టం: కరుణ పక్షం

1890 నాటి వలస పాలకుల చట్టం ప్రధానంగా బండి లాగే పశువుల వంటివాటిపై జరిగే క్రూరత్వాన్ని ఉద్దేశించినది. స్వాతంత్ర్యానంతరం రాజ్యసభ సభ్యురాలు రుక్మిణీదేవి అరుండేల్ ప్రవేశపెట్టిన ప్రైవేటు బిల్లు ఈ స్థితిని మార్చడానికి నాంది పలికింది. దాని ఫలితంగా 1960లో జంతు హింస నివారణ చట్టం వచ్చింది.

ఈ చట్టం ప్రయోగాలను నిషేధించలేదు. ప్రాణరక్షణకు, వ్యాధి నివారణకు జరిగే ప్రయోగాలను అనుమతిస్తూనే పర్యవేక్షణకు ఒక సంఘాన్ని ఏర్పరచే వీలు కల్పించింది. పుస్తకాలు, నమూనాలు, చలనచిత్రాలు సమానంగా ఉపకరించే చోట వైద్య కళాశాలల్లో జంతు ప్రయోగాలను మానుకోవాలనీ, కేవలం చేతి నైపుణ్యం కోసం వాటిని చేయరాదనీ సూచించింది. రసెల్, బర్చ్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞులు ప్రత్యామ్నాయం, తగ్గింపు, మెరుగుదల అనే మూడు సూత్రాలను ప్రతిపాదించింది 1959లోనే కావడం గమనార్హం.

4. తరగతి గది: అర్ధశతాబ్దపు జాప్యం

చట్టంలోని ఈ సూచన కళాశాలకు చేరడానికి యాభై ఏళ్లు పట్టింది. 1964లో ఏర్పడిన పర్యవేక్షణ సంఘానికి 1990ల చివర మేనకా గాంధీ అధ్యక్షతన కొత్త ఊపు వచ్చింది. 1998 నిబంధనలు సంస్థల నమోదును, నైతిక సంఘాల ఏర్పాటును తప్పనిసరి చేశాయి. తనిఖీల వలన, అనుమతుల జాప్యం వలన పరిశోధన కుంటుపడుతోందని శాస్త్రజ్ఞులు నిరసించారు. జంతుశాలల దుస్థితిని సంఘాలు ఎత్తిచూపాయి. రెండు ఫిర్యాదుల్లోనూ నిజం ఉంది.

నెల్లిమర్ల కళాశాల పుట్టింది ఈ సంధికాలంలోనే. అప్పటి వైద్య మండలి కనీస ప్రమాణాల్లో జంతుశాల ఒక భాగం. సంఘాల నిరంతర ఒత్తిడి వలన విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2011లో జంతు విచ్ఛేదనను దశలవారీగా తగ్గించాలని, 2014లో పూర్తిగా ఆపాలని ఆదేశించింది. వైద్యవిద్యలోనూ ఇదే మార్పు వచ్చింది. 2019 నుండి అమలైన ఎం.బి.బి.ఎస్. పాఠ్యప్రణాళికలో రక్తపోటుపై మందుల ప్రభావాన్ని కంప్యూటర్ సహాయంతో చూపడమే విధానమయింది. ఫలితం ముందే తెలిసిన ప్రయోగాన్ని ఏటా కొత్త జంతువుపై తిరిగి చేయవలసిన అవసరం తీరింది.

5. టీకా ఉత్పత్తి: విజ్ఞానమే చూపిన దారి

ఉత్పత్తి రంగానికి కుక్కకాటు టీకా చక్కని ఉదాహరణ. కసౌలీలో డేవిడ్ సెంపుల్ రూపొందించిన టీకాను గొర్రె మెదడు నుండి తయారుచేసేవారు. హైదరాబాద్ నారాయణగూడలోని నివారణ వైద్య సంస్థలోనూ ఇది తయారైంది. బొడ్డు చుట్టూ వేసే ఆ సూదులు కొందరిలో నాడీ సంబంధ దుష్ఫలితాలు కలిగించేవి. కణవర్ధన పద్ధతి టీకాలు వచ్చాక, 2004 చివరికి దేశంలో గొర్రె మెదడు టీకా తయారీ ఆగిపోయింది. గొర్రెకు మేలు చేసిన మార్పే రోగికీ మేలు చేసింది.

6. ముగింపు

అన్వేషణ రంగంలో ప్రశ్న ఇంకా తెగలేదు. 2020లో హైదరాబాద్‌కు చెందిన భారత్ బయోటెక్ కోవిడ్ టీకాను పుణె వైరాలజీ సంస్థలో కోతులపై పరీక్షించారు. మరోవైపు 2023 మార్చిలో సవరించిన ఔషధ నిబంధనలు మానవ కణ నమూనాల వంటి పద్ధతులకు కూడా చోటిచ్చాయి.

పై పరిశీలన వలన తేలేది ఇది. బోధనలో సమాన ప్రత్యామ్నాయం ఉన్నందున సంఘాలు నెగ్గాయి. ఉత్పత్తిలో మెరుగైన ప్రత్యామ్నాయాన్ని శాస్త్రమే ఇచ్చింది. అన్వేషణలో ఆ ప్రత్యామ్నాయం ఇంకా అసంపూర్ణం. కనుక జంతువు కావాలా వద్దా అన్న ఒకే ప్రశ్న చాలదు. ఏ పనికి, ఏ కాలంలో, దేనికి బదులుగా అన్నది ప్రతిసారీ అడగాలి. అలా అడగవలసిన బాధ్యతను 1960 చట్టమే వైద్య కళాశాలలకు అప్పగించింది. బోదకాలు మాత్ర వలన మేలు పొందిన సమాజానికి ఆ బాధ్యత మరింత ఎక్కువ.