ఇరవై ఆరో ఎపిసోడ్

1996 మార్చి 27న టీవీ టోక్యోలో ‘నియాన్ జెనెసిస్ ఎవాంజెలియన్’ ఆఖరి ఎపిసోడ్ వచ్చింది. ఆర్నెల్లుగా పద్నాలుగేళ్ల షింజి ఎవా అనే భారీ శరీరంలో కూర్చుని ‘ఏంజెల్స్’తో పోరాడుతున్నాడు. చివర్లో ఒక పెద్ద యుద్ధం ఉంటుందని ఎవరైనా అనుకుంటారు కదా. చివరి రెండు ఎపిసోడ్లలో వచ్చింది మాత్రం షింజి బుర్రలో జరిగే విచారణ. పాత షాట్లే మళ్లీ మళ్లీ, పెన్సిల్ గీతలు, తెర నిండా అక్షరాలు. చివరికి అందరూ అతని చుట్టూ నిలబడి చప్పట్లు కొట్టి అభినందిస్తారు. అంతే, అయిపోయింది.

గైనాక్స్ స్టూడియోలో షెడ్యూలు అప్పటికే చేయిదాటిపోయింది. 24వ ఎపిసోడ్‌లో దాదాపు నిమిషం పాటు ఒకే బొమ్మ కదలకుండా ఉంటుంది. రిలీజ్ ముందు రాత్రి ఫీచర్లు పీకేసిన అనుభవం ఉంది కాబట్టి ఆ నిమిషం నాకు బాగానే అర్థమవుతుంది. కానీ టైం లేకపోవడమొక్కటే కారణమంటే ఒప్పుకోను. షింజి భయం మొదట్నుంచీ ఏంజెల్స్ గురించి కాదు, తను ఎవరికీ అక్కర్లేదేమోనని. కథ అక్కడికే వెళ్లింది. మనం చూస్తున్నది వేరే సిరీస్.

1997 జులైలో ‘ది ఎండ్ ఆఫ్ ఎవాంజెలియన్’ సినిమా వచ్చింది. దర్శకుడు హిదెయాకి అన్నో జనం అడిగిన యుద్ధం ఇచ్చాడు, చూడలేనంత క్రూరంగా. మధ్యలో హాల్లో కూర్చున్న ప్రేక్షకుల్ని తెరమీద చూపించాడు, స్టూడియోకి వచ్చిన తిట్లను కూడా. అంత కోపం చల్లారడానికి చాలా కాలమే పట్టింది. 2007 నుంచి 2021 దాకా అదే కథను నాలుగు సినిమాలుగా మళ్లీ చెప్పాడు.

ఆ చప్పట్ల సీన్‌ని ఇంత వెనకేసుకొచ్చాను గానీ, మొదటిసారి చూసినప్పుడు ఎపిసోడ్ సరిగ్గా డౌన్‌లోడ్ కాలేదనుకుని మళ్లీ పెట్టాను.