మానసిక వ్యాధిపై సైనిక వైకల్య పింఛను నిరాకరిస్తే అప్పీలు ఎలా?

మానసిక వ్యాధి కారణంగా సైన్యం నుంచి బయటికి వచ్చినవారికి వైకల్య పింఛను నిరాకరించే లేఖలలో తరచుగా ఒకే కారణం కనిపిస్తుంది: వ్యాధి సైనిక సేవ వల్ల కలగలేదు, సేవ వల్ల తీవ్రతరమూ కాలేదు. వ్యాధి ఉన్నదా లేదా అన్నది ఇక్కడ వివాదం కాదు; దానికి కారణమేమిటన్నదే వివాదం. అప్పీలు సమాధానం చెప్పవలసినదీ ఈ ప్రశ్నకే.

అర్హత ఏమిటి?

వ్యాధి సేవ వల్ల కలిగి గానీ, సేవ వల్ల తీవ్రమై గానీ ఉండాలి. వైకల్యం 20 శాతానికి తగ్గరాదు. ఈ రెండింటిపై సైనిక వైద్య మండలి అభిప్రాయం ఇస్తుంది. 2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త అర్హతా నిబంధనలు అమలులోకి వచ్చాయి. అంతకుముందు సేవ ముగిసినవారికి పాత నిబంధనలే వర్తిస్తాయి.

న్యాయస్థానాలు ఏమన్నాయి?

చేరిక సమయంలో ఏ వ్యాధీ నమోదు కాకపోతే ఆ వ్యక్తి నాటికి ఆరోగ్యవంతుడేనని భావించాలని, సందేహ లాభం సైనికునికే దక్కాలని 2013లో ధరంవీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు పేర్కొంది. అయితే మానసిక వ్యాధులు చేరిక నాటి పరీక్షలో బయటపడకపోవచ్చునని, పింఛను యాంత్రికంగా మంజూరు కాదని 2019లో ఒక స్కిజోఫ్రీనియా కేసులో తెలిపింది. 2025లో అదే వ్యాధికి సంబంధించిన మరో కేసులో, కారణాలు చూపని వైద్య మండలి అభిప్రాయం ఆధారంగా పింఛను నిరాకరించడం చెల్లదని తీర్పు ఇచ్చింది. అందువల్ల మండలి నివేదికలో కారణాలు ఉన్నాయా, అవి సేవా రికార్డులతో సరిపోలుతున్నాయా అన్నది ముందుగా పరిశీలించాలి.

ఏ ఆధారాలు అవసరం?

పాత నిబంధనలతో పాటు పాటించే సైనిక వైద్యాధికారుల మార్గదర్శిని (2002, సవరణ 2008) కొన్ని పరిస్థితులను స్పష్టంగా పేర్కొంది. యుద్ధ ప్రాంతం, తిరుగుబాటు నిరోధక విధులు, ఎత్తయిన పర్వత ప్రాంతం, ఏకాంత స్థావరాలు, సముద్ర విధుల్లో ఉండగా వ్యాధి మొదలైతే అది సేవ వల్ల కలిగినట్లే. జీవిత భాగస్వామి లేదా సంతానం మరణించినప్పుడు విధి అవసరాల వల్ల సెలవు నిరాకరించగా, మూడు నెలల లోపు వ్యాధి తలెత్తితే సేవ వల్ల తీవ్రమైనట్లు పరిగణిస్తారు.

కాబట్టి చేరిక నాటి వైద్య పత్రం, నియామకాల వివరాలు, సెలవు దరఖాస్తులు, కమాండింగ్ అధికారి నివేదిక, ఆసుపత్రి పత్రాలు, వైద్య మండలి నివేదికల ప్రతులు సేకరించాలి. రికార్డుల కార్యాలయం ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద కోరవచ్చు. మానసిక వ్యాధిగ్రస్తులకు తమ ప్రాథమిక వైద్య రికార్డులు పొందే హక్కును 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కల్పించింది.

అప్పీలు దశలు

తిరస్కరణ లేఖ అందిన ఆరు నెలల లోపు మొదటి అప్పీలు దాఖలు చేయాలి. అదీ విఫలమైతే, మరో ఆరు నెలల లోపు రెండవ అప్పీళ్ల కమిటీని ఆశ్రయించాలి. ఆ తరువాతి వేదిక 2007 చట్టం కింద ఏర్పడిన సాయుధ బలగాల ట్రైబ్యునల్. తుది ఉత్తర్వు వెలువడిన ఆరు నెలల లోపు అక్కడ దరఖాస్తు చేయాలి. అప్పీలుపై ఆరు నెలలైనా నిర్ణయం రాకపోతే వేచి ఉండనవసరం లేదు; నేరుగా ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ చెన్నై ధర్మాసనం పరిధిలోకి వస్తాయి.

గడువు దాటినా తగిన కారణం చూపితే ట్రైబ్యునల్ జాప్యాన్ని మన్నించగలదు. కానీ ఆలస్యానికి మూల్యం ఉంటుంది: 2008లో ఒక వైకల్య పింఛను కేసులో సుప్రీంకోర్టు బకాయిలను పిటిషన్‌కు ముందటి మూడేళ్లకే పరిమితం చేసింది.

వ్యాధి తీవ్రత వల్ల సైనికుడు స్వయంగా కాగితాలు చూసుకోలేని స్థితిలో ఉండవచ్చు. అటువంటప్పుడు కుటుంబ సభ్యులు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాన్ని సంప్రదించాలి. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం వికలాంగులు, మానసిక వ్యాధిగ్రస్తులు ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు చేసుకుంటే న్యాయవాదిని నియమిస్తారు. తిరస్కరణ లేఖను, అది అందిన తేదీని తెలిపే కవరును భద్రపరచడం మరువరాదు. గడువు లెక్క మొదలయ్యేది ఆ తేదీ నుంచే.