అమెరికా మతజీవితం: వస్తువుల సాక్ష్యం

ఒక దేశపు మతచరిత్రను వ్రాయదలచినవారు సాధారణంగా మూడు చోట్ల ఆధారాలు వెతుకుతారు: మతగ్రంథాలలో, మతాచార్యుల జీవితాలలో, రాజ్యాంగ పత్రాలలో. అమెరికా విషయంలో మూడవదానికి ప్రాముఖ్యం మరీ ఎక్కువ. కాంగ్రెసు ఏ మతాన్నీ స్థాపించరాదనీ, ఎవరి మతాచరణకూ అడ్డు తగలరాదనీ 1791లో అమలులోకి వచ్చిన మొదటి సవరణ శాసించింది. దీనిని పట్టుకొని, ఆ దేశంలో సకల మతాలూ సుఖంగా కలిసి బ్రతికాయని కొందరు చెబుతారు. అదంతా బూటకమని మరికొందరు కొట్టిపారేస్తారు. రెండు వాదాలూ కాగితం మీదనే నడుస్తాయి.

కాగితాన్ని కాస్త పక్కకు పెట్టి, ఆ దేశపు జనం వంటింట్లో ఏమున్నదో, జేబులో ఏమున్నదో, గోడకు ఏమి వ్రేలాడుతున్నదో చూస్తే వేరొక చరిత్ర కనిపిస్తుంది. రాతపనికి తీరికలేనివారూ, చదువు నేర్వడమే నేరమైనవారూ తమ విశ్వాసాన్ని వస్తువులలోనే దాచుకున్నారు. వారి విషయంలో వస్తువే ప్రధాన సాక్షి. ఆ సాక్ష్యాన్ని విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదట జేబులోని నాణెం సంగతి. 1787లో ఆ కొత్త దేశం వేయించిన ఒక సెంటు నాణెం మీద దేవుడి పేరు లేదు. ఒక నీడగడియారం బొమ్మ, దాని క్రింద “నీ పని నువ్వు చూసుకో” అనే అర్థమిచ్చే మాటలు మాత్రం ఉన్నాయి. వర్తకుల, చేతిపనివారల దేశానికి తగిన నాణెమే అది. “దేవునియందు మా నమ్మకం” అన్న మాటలు 1864లో రెండు సెంట్ల నాణెం మీదికి వచ్చాయి. అప్పుడు అంతర్యుద్ధం జరుగుతున్నది. నాణేల మీద దేవుణ్ణి స్మరించవలసిందని 1861లో పెన్సిల్వేనియాకు చెందిన ఒక మతబోధకుడు ఆర్థికమంత్రి సాల్మన్ చేజ్‌కు విన్నవించుకున్నాడు. మంత్రి టంకశాలకు ఆజ్ఞ ఇచ్చాడు. తరువాత 1907లో థియొడోర్ రూజ్వెల్ట్ కొత్త బంగారు నాణేలనుంచి ఆ మాటలను తీయించాడు. ఆయన నాస్తికుడేమీ కాదు. చేతులు మారే డబ్బు మీద దేవుడి పేరు వేయడం అపచారమని ఆయన వాదన. కాంగ్రెసు ఒప్పుకోలేదు; 1908లో శాసనం చేసి తిరిగి వేయించింది.

అసలు మలుపు 1950లలో వచ్చింది. కమ్యూనిజాన్ని దైవద్రోహంగా చిత్రిస్తూ ప్రచ్ఛన్నయుద్ధం సాగుతున్న రోజులవి. 1954లో బడిపిల్లలు జెండా ముందు చేసే ప్రతిజ్ఞలోకి దేవుడు వచ్చాడు. 1955లో ఆ నాలుగు మాటలను డబ్బంతటిమీదా వేయాలని శాసనం అయింది. 1956లో అవే జాతీయ నినాదమయ్యాయి. 1957లో మొదటిసారిగా కాగితపు నోటు మీదికి ఎక్కాయి. “అనేకం నుండి ఏకం” అనే అర్థంగల పాత లాటిన్ మాట నాణెం మీద ఉండనే ఉన్నది. కాని అధికారిక నినాద స్థానం మాత్రం దానికి దక్కలేదు. అనేకత్వాన్ని చెప్పే నినాదం ఒకటి చేతిలో ఉండగా, ఆ గౌరవం విశ్వాసాన్ని చెప్పే నినాదానికి పోవడం గమనించదగిన విషయం. పరులకంటె తాము దైవభక్తులమని రాజ్యం చాటదలచినప్పుడల్లా నాణెం మీద అక్షరాలు పెరిగాయి.

రాజ్యం ముద్రవేసిన వస్తువు అది. ఇక బానిసలు చేసుకున్న వస్తువును చూద్దాం. జార్జియా రాష్ట్రపు సముద్రతీరంలో కొన్ని దీవులున్నాయి. అక్కడి వరి, పత్తి తోటలలో పనిచేసిన ఆఫ్రికన్ బానిసలలో ముస్లిములు కూడా ఉన్నారు. సపెలో దీవిలో బిలాలీ అనే బానిస తన జ్ఞాపకంనుంచి అరబ్బీలో వ్రాసిన పదమూడు పుటల ప్రతి ఇప్పటికీ జార్జియా విశ్వవిద్యాలయంలో ఉన్నది. వజూ, నమాజు విధులకు సంబంధించిన పాఠం అది. అటువంటి ప్రతి వ్రాయగలిగిన బానిస నూటికో కోటికో ఒక్కడు. చదువురాని ఆడవాళ్ళు ఏమి చేశారన్నది అసలు ప్రశ్న.

1930లలో ప్రభుత్వం ఉద్యోగాలిచ్చిన రచయితల బృందం ఆ దీవుల ముసలివాళ్ళ జ్ఞాపకాలను సేకరించి 1940లో అచ్చువేసింది. తమ అవ్వలు ఏడాదికి ఒక దినాన బియ్యం కడిగి, రాత్రంతా నానబెట్టి, తెల్లవారి రోట్లో వేసి రోకలితో మెత్తగా దంచి, తేనెగాని చక్కెరగాని కలిపి, చేత్తో బిళ్ళలు తట్టి పిల్లలకు పంచేవారని వారు చెప్పారు. మన ఇళ్ళలో చలిమిడి చేసే పద్ధతికి ఇది ఎంత దగ్గరో వేరే చెప్పనక్కరలేదు. ఆ బిళ్ళ పేరు “సరకా”. అది అరబ్బీ “సదఖా” అని పండితులు గుర్తించారు. దానం అని అర్థం. హైదరాబాదు వీధులలో “సదకా” అన్న మాట వినని తెలుగువాడు అరుదు.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఆ వరి పండించే నేర్పును పశ్చిమాఫ్రికా నుంచి తెచ్చినవారు ఆ బానిసలే. పండించిన పంట మాత్రం యజమానిది. దేహమే తనది కాని మనిషి దానం చెయ్యడమంటే ఏమిటి? పిడికెడు బియ్యం తనవని ప్రకటించుకోవడం. మసీదు లేదు, గ్రంథం లేదు, మనుమరాళ్ళ నాటికి ఆ మాట అర్థం కూడా పోయింది. వారు క్రైస్తవులయ్యారు. కాని రోలు, రోకలి, బిళ్ళ, పేరు మిగిలాయి. ఏ చర్చి దస్తావేజులోనూ లేని మతచరిత్ర ఇది.

మూడవ సాక్షి చీపురు. 1774లో ఆన్ లీ అనే ఇంగ్లీషు శ్రామిక స్త్రీ కొద్దిమంది అనుచరులతో అమెరికా చేరింది. ఆమె అనుయాయులను షేకర్లన్నారు. వారికి సొంత ఆస్తి లేదు, వివాహం లేదు. స్త్రీ పురుషులకు నాయకత్వంలో సమానమైన పాలు ఉండేది. పని చెయ్యడమే వారికి ప్రార్థన. అంతకుముందు ఉండే గుండ్రటి చీపురు స్థానంలో బల్లపరుపుగా కుట్టిన చీపురును 1798 ప్రాంతంలో న్యూయార్కు రాష్ట్రంలోని షేకర్లే రూపొందించారని చెబుతారు. కూరగాయల విత్తనాలను చిన్న కాగితపు పొట్లాలలో కట్టి ఊరూరా అమ్మినవారూ వారే. గోడకు చెక్కమేకులు వరుసగా దిగగొట్టి, నేల ఊడ్చేటప్పుడు కుర్చీలను వాటికి తగిలించేవారు. అలంకారం అహంకారమని నమ్మినందున వారి కుర్చీలో ఒక్క పువ్వు చెక్కడం కూడా ఉండదు. సమష్టి ఆస్తితో మనుషులు బ్రతకగలరనడానికి ఉదాహరణగా ఏంగెల్స్ 1845లో వీరిని పేర్కొన్నాడు.

కాని చుట్టూ పెట్టుబడిదారీ సమాజం ఉండగా ఒక ద్వీపం ఎంతకాలం నిలుస్తుంది? 1870ల నాటికి తమ కుర్చీలకు నకళ్ళు వస్తున్నందున వాటి మీద తమ వ్యాపారముద్ర వేసుకోవలసిన అవసరం వారికి కలిగింది. ఇవాళ షేకర్లు మెయిన్ రాష్ట్రంలో ఒక్కచోట, వ్రేళ్ళమీద లెక్కించదగినంతమంది మిగిలారు. వారి పాతకుర్చీలు మాత్రం వేలంపాటలలో ధనవంతుల పాలవుతున్నాయి. ఆడంబరం వద్దన్న వస్తువే ఆడంబర చిహ్నమైంది.

బాటిల్‌క్రీక్ ఊళ్ళో పుట్టిన ఉదయపు ఫలాహారానిదీ ఇదే కథ. మాంసం, మసాలాలు వర్జించాలన్న అడ్వెంటిస్టుల నియమాన్ని అనుసరించి నడిచిన ఆరోగ్యాలయంలో, 1894లో, జాన్ హార్వే కెలాగ్, ఆయన తమ్ముడు విల్ కలసి గింజలను రేకులుగా చేయడం కనిపెట్టారు. తమ్ముడు చక్కెర కలిపితే బాగా అమ్ముడుపోతుందన్నాడు, అన్న కూడదన్నాడు. 1906లో తమ్ముడు సొంత కంపెనీ పెట్టాడు. ఇవాళ హైదరాబాదులో కార్న్‌ఫ్లేక్స్ తినే పిల్లవాడికి ఆ నియమం సంగతి తెలియనవసరం లేదు. సరకా బిళ్ళలో అర్థం పోయి పేరు మిగిలింది. ఇక్కడ నియమం పోయి లాభం మిగిలింది. రెండింటినీ “సమ్మేళనం” అన్న ఒక్క మాటతో సరిపెట్టడం న్యాయం కాదు.

నాలుగవ సాక్షి యూదుల వంటిల్లు. 1880 తరువాత నలభై యేళ్ళలో తూర్పు ఐరోపా నుంచి సుమారు ఇరవై లక్షలమంది యూదులు వచ్చారు. శాస్త్రోక్తంగా కోసిన “కోషర్” మాంసమే వారు తినాలి. 1902 మే నెలలో న్యూయార్కులో ఆ మాంసం ధర పౌను పన్నెండు సెంట్లనుంచి పద్దెనిమిదికి పెరిగింది. మాంసపు వ్యాపారాన్ని గుప్పిట పెట్టుకున్న పెద్ద కంపెనీల పని అది. కుట్టుపని చేసే పేదల పేటలో ఇల్లాళ్ళు వేలసంఖ్యలో వీధుల్లోకి వచ్చారు. కసాయి దుకాణాలలో దూరి మాంసం వీధిలో పారబోశారు. పోలీసుల దెబ్బలు తిని, అరెస్టయ్యారు. ప్రార్థనామందిరాలలో గ్రంథపఠనాన్ని ఆపించి, పురుషుల మద్దతు అడిగారు. ధర కొంత దిగివచ్చింది. మతనియమం వారిని వేరే మాంసం కొననీయలేదు. కాని ఆ నియమమే వారిని ఒక్కటిగా నిలబెట్టింది. మతం ఎప్పుడూ జనాన్ని నిద్రపుచ్చుతుందనేవారు ఈ ఘట్టాన్ని గుర్తుంచుకోవడం మంచిది.

కంపెనీలు కూడా పాఠం నేర్చుకున్నాయి. 1911లో పత్తిగింజల నూనెతో చేసిన క్రిస్కో అనే గడ్డనెయ్యి బజారుకు వచ్చింది. పాలూ మాంసమూ కలపరాదన్న యూదు ఇల్లాలికి, పాలూ మాంసమూ రెండూ కాని ఈ కొవ్వు వరంలా కనిపించింది. 1933లో కంపెనీ యిడ్డిష్, ఇంగ్లీషు భాషలలో వంటపుస్తకమే వేసి పంచింది. 1932 నుంచి ఒక కాఫీ కంపెనీ పాస్కా పండుగనాటి పారాయణ పుస్తకాన్ని అచ్చువేసి ఉచితంగా ఇస్తున్నది. బానిసత్వంనుంచి విముక్తి పొందిన కథ చెప్పే పుస్తకానికి కాఫీ వర్తకుడు ప్రచురణకర్త కావడం అమెరికాకే చెల్లింది. 1935లో అట్లాంటా రబ్బీ టోబియాస్ గెఫెన్ కొకకోలాలోని గ్లిసరిన్ జంతువుల కొవ్వునుంచి వస్తున్నదని పట్టుకున్నాడు. కంపెనీ దానిని మార్చుకున్నది. మైనారిటీ విశ్వాసానికి పెట్టుబడి తలవంచినట్లు ఇది కనిపిస్తుంది. నిజమే, కాని ఆ మైనారిటీ కొనుగోలుదారుగా ఉన్నందువల్ల తలవంచింది. కొనలేనివారి విశ్వాసానికి ఏ గతి పట్టిందో ఐదవ సాక్షి చెబుతుంది.

అది ఒక చొక్కా. భూములు పోయి, అడవిదున్నలు నశించి, ఆకలితో ఉన్న లకోటా ఆదివాసులు 1890లో “ప్రేతనృత్యం” అనే కొత్త ఆరాధనను స్వీకరించారు. డేగలూ నక్షత్రాలూ చిత్రించిన గుడ్డచొక్కాలు తొడిగితే తుపాకిగుండు తగలదని నమ్మారు. 1883 నాటి ప్రభుత్వ నిబంధనలు ఆదివాసుల సంప్రదాయ నృత్యాలను అప్పటికే నేరాలుగా ప్రకటించాయి. మొదటి సవరణకు అప్పటికి దాదాపు నూరేళ్ళ వయస్సు. 1890 డిసెంబరు 29న వూండెడ్ నీ వద్ద సైన్యం స్త్రీలనూ పిల్లలనూ సహా వందలమందిని కాల్చి చంపింది. శవాలమీది చొక్కాలు జ్ఞాపికలయ్యాయి. అలా చేరిన ఒక చొక్కాను స్కాట్లండులోని గ్లాస్గో నగరం 1999లో లకోటాలకు తిరిగి ఇచ్చింది. ఆదివాసుల మతస్వేచ్ఛను గుర్తించే శాసనం అమెరికాలో 1978లో గాని రాలేదు.

చివరగా మన దేశంనుంచి వెళ్ళిన వస్తువులు. కాలిఫోర్నియాలోని స్టాక్టన్‌లో 1912లో సిక్కు కూలీలు గురుద్వారా నెలకొల్పారు. అక్కడి లంగరులో రొట్టె తిన్నవారిలో గదర్ విప్లవకారులున్నారు. ఆ పార్టీలో మన దరిశి చెంచయ్యగారు కూడా పనిచేశారు. సిక్కు తలపాగాతో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్‌సింగ్ థిండ్‌ను తెల్లవాడు కాదన్న కారణంతో 1923లో సుప్రీంకోర్టు పౌరసత్వానికి అనర్హుడన్నది. 2001 సెప్టెంబరులో తలపాగాను చూచి, ముస్లిమనుకొని, అరిజోనాలో ఒక సిక్కును కాల్చి చంపారు. తలపాగాతో పనిచేయడానికి సాధారణంగా అనుమతించే సైనిక నిబంధన 2017లో వచ్చింది. ఒకే వస్త్రం మీద ఇన్ని తీర్పులు!

1965 వలసచట్టం తరువాత వెళ్ళిన తెలుగువారి కథ వేరు. వీరిలో డాక్టర్లు, ఇంజనీర్లు ఎక్కువ. 1970లలో ఉక్కునగరమైన పిట్స్‌బర్గు శివారులో వేంకటేశ్వరాలయం లేచింది. కొత్తకారు చక్రాల క్రింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం ఇవాళ అమెరికాలోని తెలుగువారికి మామూలే. ఆ నిమ్మకాయను చూచి నవ్వనక్కరలేదు. పరాయి రోడ్లమీద భయపడే మనిషి తన భయానికి తెచ్చుకున్న మందు అది. కాని సామానుతోపాటు కంటికి కనిపించనిది ఒకటి ఓడ దిగింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధిస్తూ శాసనం చేసింది. అమెరికా నగరాలలో అది మొదటిది. అదే ఏడు కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన ఇటువంటి బిల్లును అక్కడి గవర్నరు త్రోసిపుచ్చాడు. ఆ బిల్లును వ్యతిరేకించినవారిలో మన మతస్వేచ్ఛ పేరు చెప్పినవారు ఉన్నారు.

కాబట్టి వైవిధ్యాన్ని లెక్కపెట్టడంతో చరిత్రకారుడి పని తీరదు. ప్రతి వస్తువునూ మూడు ప్రశ్నలు అడగాలి: నిన్ను ఎవరు చేశారు, నీవల్ల ఎవరికి లాభం, నిన్ను ఎవరికి కాకుండా చేశారు? సరకా బిళ్ళ మొదటి ప్రశ్నకు నిండుగా జవాబు చెబుతుంది. క్రిస్కో డబ్బా రెండవదానికి చెబుతుంది. లకోటా చొక్కా మూడవదానికి చెబుతుంది. తనవంతు వచ్చినప్పుడు మన నిమ్మకాయ కూడా ఈ మూడింటికీ జవాబు చెప్పుకోవలసిందే.